‘థైరాయిడ్ ఉంది’ సరే, థైరాయిడ్ తీసేస్తే ఏమవుతుంది?



మన ఇళ్ళల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. "ఆవిడకి థైరాయిడ్ ఉందండీ." పెళ్ళి సంబంధాల దగ్గర కూడా గుసగుసగా అడుగుతారు, అమ్మాయికి థైరాయిడ్ ఏమైనా ఉందా అని. నిజానికి థైరాయిడ్ అందరికీ ఉంటుంది. మీకుంది, నాకుంది, ఆ గుసగుసలాడేవాళ్ళకీ ఉంది. అది జబ్బు పేరు కాదు, ఒంట్లో ఒక భాగం పేరు.

మా పెద్దమ్మ సంగతి వేరు. ఆవిడకి నిజంగానే థైరాయిడ్ లేదు. నాలుగేళ్ళ కిందట ఆపరేషన్ చేసి మొత్తం తీసేశారు. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ ఆపరేషన్ గురించి. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చేసి, కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇలా మీ ముందు కూర్చుని మాట్లాడుతున్నవాడిని. కాబట్టి మీ మందుల విషయంలో ఫైనల్ మాట మీ డాక్టర్‌దే. కానీ ఈ కథ తెలిసి ఉంటే మా ఇంట్లో ఒక తప్పు జరిగేది కాదు. అందుకే చెప్తున్నా.

ముందు గ్రంథి గురించి రెండు ముక్కలు. మెడ ముందు భాగంలో, గొంతు ముడికి కాస్త కింద, సీతాకోకచిలుక రెక్కలు చాపుకుని శ్వాసనాళాన్ని పట్టుకున్నట్టు ఉంటుంది. బరువు పెద్దవాళ్ళలో దాదాపు 15 నుంచి 25 గ్రాములు. మనం తినే అయోడిన్ తీసుకుని హార్మోన్ తయారు చేస్తుంది. ఒళ్ళు ఎంత వేడిగా ఉండాలి, గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, తిన్నది ఎంత త్వరగా ఖర్చవ్వాలి, పిల్లల్లో ఎముకలూ మెదడూ ఎలా పెరగాలి, ఇవన్నీ ఆ హార్మోన్ మీద ఆధారపడతాయి.

ఇంత పని చేస్తుందని ఇప్పుడు మనకి తెలుసు. 150 ఏళ్ళ కిందట ఎవరికీ తెలీదు. కథంతా అక్కడే ఉంది.

స్విట్జర్లాండ్ వెళ్దాం. ఆల్ప్స్ కొండల ప్రాంతం. సముద్రానికి దూరం, నేలలో అయోడిన్ తక్కువ. అయోడిన్ దొరక్కపోతే థైరాయిడ్ ఎలాగైనా పని చేయాలని పెరుగుతూ పోతుంది. అదే గాయిటర్, గొంతు దగ్గర గడ్డ. అక్కడ ఊళ్ళకి ఊళ్ళే ఈ గడ్డలతో ఉండేవి. కొందరికి అది ఎంత పెరిగేదంటే శ్వాసనాళాన్ని నొక్కేసి ఊపిరి ఆడనిచ్చేది కాదు.

మరి కోసి తీసేయొచ్చు కదా అంటారా? థైరాయిడ్‌కి రక్త ప్రసరణ చాలా ఎక్కువ. కత్తి పెడితే రక్తం ఆగేది కాదు. రక్తం ఆగి బతికినవాళ్ళని ఇన్‌ఫెక్షన్ తీసుకుపోయేది. బిల్‌రోత్ అని ఆ కాలపు సర్జన్లలో మహా ఘటికుడు. 1860లలో జూరిక్‌లో ఆయన చేసిన మొదటి 20 గాయిటర్ ఆపరేషన్లలో దాదాపు 40 శాతం మంది చనిపోయారు. ఆయనంతటి ఆయనే కొన్నేళ్ళ పాటు ఈ ఆపరేషన్ పక్కన పెట్టేశాడు.

అప్పుడు వచ్చాడు మన కథానాయకుడు. పేరు థియోడోర్ కోకర్. 1872లో బెర్న్ నగరంలో సర్జరీ ప్రొఫెసర్ అయ్యాడు. ఈయన పద్ధతే వేరు. నెమ్మదిగా, ఓపిగ్గా, ఒక్కొక్క రక్తనాళాన్నీ ముందు పట్టుకుని, కట్టి, ఆ తర్వాతే కోసేవాడు. శుభ్రత విషయంలో చాలా పట్టుదల. ఆయన రూపొందించిన కోకర్ ఫోర్సెప్స్ ఇవాళ్టికీ ఆపరేషన్ థియేటర్లలో వాడుతున్నారు. థియేటర్‌లో పనిచేసే నర్సుని ఎవరినైనా అడగండి, చెప్తారు. చొక్కా కాలర్ లాగా మెడ మీద అడ్డంగా పెట్టే కోతకి కూడా ఆయన పేరే ఉంది.

ఫలితం? రోగులు బతకడం మొదలైంది. అప్పటిదాకా దాదాపు మరణశిక్ష లాంటి ఆపరేషన్, ఈయన చేతిలో మామూలు ఆపరేషన్ అవుతోంది. చేయి తిరిగింది కదా, గడ్డ మళ్ళీ పెరగకుండా ఉండాలని చాలామందికి గ్రంథి మొత్తం తీసేయడం మొదలుపెట్టాడు. మంచి ఉద్దేశమే. శుభ్రంగా, ఏమీ మిగల్చకుండా.

ఇక్కడ ఒక చిన్న అమ్మాయి వస్తుంది. 11 ఏళ్ళు. 1874 జనవరిలో కోకర్ ఆమెకి థైరాయిడ్ మొత్తం తీసేశాడు. ఆపరేషన్ సక్సెస్, అమ్మాయి ఇంటికెళ్ళిపోయింది. కొన్ని నెలలకి ఆమెని పంపిన ఊరి డాక్టర్ నుంచి కబురొచ్చింది. పిల్ల స్వభావం మారిపోయింది, మందకొడిగా, బద్ధకంగా తయారైంది అని. కోకర్ అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆపరేషన్‌కీ స్వభావానికీ సంబంధం ఏముంటుంది అనుకుని ఉంటాడు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. 1882లో జెనీవాలో రెవెర్డాన్ అనే ఇంకో సర్జన్ కోకర్‌ని కలిశాడు. "మీరు థైరాయిడ్ మొత్తం తీసేసిన పేషెంట్లని తర్వాత చూశారా? నా వాళ్ళలో కొందరు ఏదో అయిపోతున్నారు" అన్నట్టుగా తన అనుభవం చెప్పాడు. కోకర్‌కి ఆ పాత కబురు గుర్తొచ్చింది. బెర్న్ తిరిగొచ్చి, తన పాత పేషెంట్లందరికీ కబురు పెట్టాడు. ఒకసారి వచ్చి కనిపించండి అని.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం. నేను కోడ్ రాసే రోజుల్లో మాకు ఇలాంటిదే ఒక అనుభవం. ఎవరో ఎప్పుడో రాసిన ఒక మాడ్యూల్, ఏం చేస్తుందో ఎవరికీ తెలీదు, డాక్యుమెంటేషన్ లేదు. దండగ అని తీసేశాం. ఆ రోజు టెస్టులన్నీ పాసయ్యాయి. అందరం చప్పట్లు కొట్టుకున్నాం. మూడు నెలల తర్వాత క్వార్టర్ ఎండ్‌లో బిల్లింగ్ పడిపోయింది. తీసేసిన రోజు ఏమీ కాలేదు కాబట్టి అది అక్కర్లేనిదని కాదు. మాది కంప్యూటర్, రోల్‌బ్యాక్ చేశాం. కోకర్‌కి ఆ సౌకర్యం లేదు.

పేషెంట్లు వచ్చారు. మొత్తం గ్రంథి తీసేసినవాళ్ళలో 18 మందిని ఆయన మళ్ళీ పరీక్షించాడు. ఇద్దరు తప్ప మిగతా 16 మంది ఏదో ఒక స్థాయిలో దెబ్బతిన్నవాళ్ళే. మొహాలు ఉబ్బిపోయి ఉన్నాయి. చర్మం పొడిబారింది. జుట్టు రాలిపోయింది. ఎప్పుడూ చలి. మాట నెమ్మదించింది, ఆలోచన నెమ్మదించింది. పిల్లల్లో ఎదుగుదలే ఆగిపోయింది. గ్రంథిలో కొంత భాగం వదిలేసినవాళ్ళు మాత్రం బాగానే ఉన్నారు.

ఆ 11 ఏళ్ళ అమ్మాయి కూడా వచ్చింది. ఇప్పుడు ఆమెకి దాదాపు 20 ఏళ్ళు. ఆమెకో చెల్లెలు ఉంది. ఆపరేషన్‌కి ముందు ఇద్దరూ ఒకేలా ఉండేవాళ్ళు, ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయేవాళ్ళట. ఇప్పుడు చెల్లెలు చక్కగా ఎదిగిన యువతి. అక్క మాత్రం చిన్నపిల్ల ఎత్తులోనే ఆగిపోయింది, మొహం మారిపోయింది, బుద్ధి మందగించింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే థైరాయిడ్ ఏం చేస్తుందో ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

మనం కోకర్ స్థానంలో ఉంటే ఏం చేసేవాళ్ళం? మంచి పేరుంది. చావులు తగ్గించిన మనిషి. ఆ ఫైల్ మూసేస్తే ఎవరడుగుతారు? ఆయన మూసేయలేదు. 1883 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో జర్మన్ సర్జన్ల మహాసభలో లేచి నిలబడి, తన 100కి పైగా గాయిటర్ ఆపరేషన్ల లెక్క మొత్తం బయటపెట్టాడు. ఇందులో నా చేతుల మీదుగా ఇంతమందికి ఇలా అయింది అని చెప్పాడు. క్యాన్సర్ లాంటి తప్పని పరిస్థితిలో తప్ప ఇకపై గ్రంథి మొత్తం తీయనన్నాడు.

తమాషా ఏంటంటే, కారణం మాత్రం ఆయన మొదట తప్పే ఊహించాడు. ఆపరేషన్ వల్ల శ్వాసనాళం సన్నబడి, ఆక్సిజన్ సరిగ్గా అందక ఇలా అవుతోందనుకున్నాడు. లండన్‌లో ఫెలిక్స్ సీమన్ అనే డాక్టర్, థైరాయిడ్ లేకపోవడమే కారణం అయి ఉంటుందన్నాడు. అక్కడ ఒక కమిటీ వేసి ఏళ్ళ తరబడి పరిశీలించి, 1888లో ఆ మాట నిజమే అని తేల్చారు. కోకర్ వివరణ తప్పినా, ఆయన బయటపెట్టిన డేటా నిజం. ఆ డేటా వల్లే ఒక గ్రంథి పని ఏంటో ప్రపంచానికి తెలిసింది. 1909లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. సర్జన్లలో మొదటి నోబెల్ ఆయనదే. 1912 నాటికి ఆయన 5,000 థైరాయిడ్ ఆపరేషన్లు చేశాడు, మరణాలు అర శాతం కంటే తక్కువకి వచ్చాయి.

కానీ అప్పటికే నష్టపోయినవాళ్ళ సంగతి? దానికి జవాబు 1891లో వచ్చింది. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ ఊళ్ళో జార్జ్ మరే అనే కుర్ర డాక్టర్, థైరాయిడ్ పనిచేయని 46 ఏళ్ళ ఆవిడకి గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసం ఇంజెక్షన్ ఇచ్చాడు. కొన్ని నెలల్లో ఆవిడ మామూలు మనిషైంది. తర్వాత నోటితో తీసుకునే మందుగా మార్చారు. ఆవిడ ఇంకో 28 ఏళ్ళు బతికింది. ఆ 28 ఏళ్ళలో ఆవిడ కోసం 870కి పైగా గొర్రెల థైరాయిడ్లు వాడారు. ఒక్క మనిషికి!

1914 డిసెంబర్ 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున, అమెరికాలో కెండాల్ అనే శాస్త్రవేత్త ఆ హార్మోన్‌ని విడిగా స్ఫటికాల రూపంలో పట్టుకున్నాడు. థైరాక్సిన్ అంటే అదే. తర్వాత దాదాపు 3 టన్నుల పంది థైరాయిడ్లు కరిగిస్తే ఆయనకి దక్కింది 33 గ్రాములు. 1927లో హారింగ్టన్, బార్జర్ అనే ఇద్దరు దాన్ని ల్యాబ్‌లో తయారు చేశారు. ఇవాళ మన మెడికల్ షాపులో చిన్న డబ్బాలో దొరికే లెవోథైరాక్సిన్ మాత్ర వెనక ఇంత కథ ఉంది. గ్రంథి పోయినా, అది చేసే పని రోజూ పొద్దున ఆ మాత్ర చేస్తుంది.

థైరాయిడ్ ఆపరేషన్‌లో ఇంకో రెండు విషయాలు తెలుసుకోవాలి. ఒకటి, థైరాయిడ్ వెనకాల కందిపప్పు గింజంత గ్రంథులు మామూలుగా నాలుగుంటాయి. పారాథైరాయిడ్లు. పేరు దగ్గరగా ఉన్నా పని వేరు, ఇవి రక్తంలో కాల్షియం చూసుకుంటాయి. వీటిని మొదట గమనించింది మనిషిలో కాదు. 1850 ప్రాంతంలో లండన్ జూలో చనిపోయిన మన ఇండియన్ ఖడ్గమృగాన్ని కోసి చూస్తుంటే రిచర్డ్ ఓవెన్‌కి కనబడ్డాయి. మనుషుల్లో 1880లో స్వీడన్‌లో సాండ్‌స్ట్రోమ్ అనే వైద్య విద్యార్థి వివరించాడు. బిల్‌రోత్ పేషెంట్లలో చాలామందికి చేతులు కొంకర్లు పోయేవి, కోకర్ వాళ్ళకి అలా కాదు, మొహం ఉబ్బేది. ఎందుకని? హాల్‌స్టెడ్ అనే అమెరికన్ సర్జన్ ఇద్దరి ఆపరేషన్లూ చూసి చెప్పాడు. బిల్‌రోత్‌ది వేగం, థైరాయిడ్ ముక్కలు మిగిలేవి కానీ పారాథైరాయిడ్లు దెబ్బతినేవి. కోకర్‌ది నిదానం, పారాథైరాయిడ్లు మిగిలేవి, థైరాయిడ్ మాత్రం మొత్తం వచ్చేసేది. ఎవరి చెయ్యి ఎలాంటిదో వాళ్ళ పేషెంట్ల జబ్బు చూసి చెప్పొచ్చన్నమాట.

రెండోది, గొంతు నరం. స్వరతంతువుల్ని కదిలించే నరం సరిగ్గా థైరాయిడ్ వెనక నుంచే వెళ్తుంది. అది దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది, రెండు వైపులా దెబ్బతింటే ఊపిరికే కష్టం. చాలాకాలం సర్జన్లు ఆ నరం జోలికి పోకుండా దూరంగా ఉండేవాళ్ళు. 1938లో బాస్టన్‌లో లేహీ అనే సర్జన్, దూరంగా ఉండటం కాదు, వెతికి కళ్ళారా చూసి కాపాడుకోవాలి అన్నాడు. ఇప్పుడు అదే పద్ధతి.

సరే, ఇప్పుడు మా పెద్దమ్మ దగ్గరకొద్దాం.

ఆవిడ తెనాలిలో ఉంటుంది. గొంతు దగ్గర గడ్డ, సూది పరీక్షలో అనుమానం వచ్చింది, మొత్తం తీసేయాలన్నారు. ఆపరేషన్ చక్కగా జరిగింది. గొంతు బాగుంది, కాల్షియం బాగుంది, బయాప్సీ రిపోర్టు కూడా భయపడేంతగా ఏం లేదు. ఇల్లంతా స్వీట్లు పంచుకున్నాం. డిశ్చార్జ్ కాగితం మీద చివర్లో ఒక లైన్‌లో మాత్ర పేరు రాశారు. అది ఎన్నాళ్ళు వేసుకోవాలో, ఆపితే ఏమవుతుందో మాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మేమూ అడగలేదు.

అయిదు నెలలు వేసుకుంది. తర్వాత పక్కింటావిడ ఎవరో అన్నారట, గడ్డ తీసేశాక ఇంకా మందులేంటమ్మా, అలవాటైపోతాయి అని. మానేసింది. మేం ఎవ్వరం గమనించలేదు. నెల తర్వాత ఫోన్ చేస్తే నిద్రొస్తోంది నాన్నా అనేది. వేసవిలో ఫ్యాన్ ఆపమనేది. పూజ మానేసింది, సీరియల్ కూడా చూడట్లేదు. మా పెదనాన్న "ఈమధ్య బద్ధకం ఎక్కువైంది దానికి" అన్నాడు. నేనేం తక్కువ తినలేదు. "పెద్దమ్మా, కాస్త వాకింగ్ చెయ్యి, లావైపోతున్నావ్" అన్నాను.

బద్ధకం. 1874లో ఆ స్విస్ అమ్మాయి గురించి ఊరి డాక్టర్ రాసిన మాట కూడా అదే కదా.

మూడో నెలలో మా అక్క వెళ్ళి చూసి, మొహం చూసి భయపడి ల్యాబ్‌కి తీసుకెళ్ళింది. టీఎస్‌హెచ్ మామూలుగా నాలుగు, అయిదు లోపు ఉండాలి. పెద్దమ్మది వంద దాటింది. డాక్టర్ గారు కాగితం చూసి ఒకటే ప్రశ్న వేశారు. "మాత్ర ఎప్పుడు ఆపారమ్మా?" పెద్దమ్మ అంది, "గడ్డ పోయింది కదా సార్." ఆయన "గడ్డతో పాటు గ్రంథి కూడా పోయిందమ్మా. మీరు వేసుకునేది మందు కాదు. మీ గ్రంథే ఆ డబ్బాలో ఉంది అనుకోండి" అన్నారు. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే స్పృహ తప్పి ప్రాణం మీదకొచ్చేదట. ఇప్పుడు బాగుంది. నన్ను తిట్టే ఓపిక కూడా వచ్చింది.

అందుకే మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ చెప్పి ఉంటే, ఇవి అడగండి. మొత్తం తీస్తున్నారా, సగమా? ఎందుకు? సగం తీస్తే చాలామందికి మిగిలిన సగమే సరిపోతుంది, కొందరికి మాత్ర అవసరమవుతుంది. మొత్తం తీస్తే మాత్ర జీవితాంతం. ఆ సర్జన్ ఇలాంటి ఆపరేషన్లు తరచుగా చేస్తారా? ఇది మొహమాటపడే ప్రశ్న కాదు. ముందూ తర్వాతా గొంతు పరీక్ష చేస్తారా? ఇంకొకటి, ఉత్త "థైరాయిడ్ తక్కువ" అయితే దానికి ఆపరేషన్ లేదు, మాత్ర చాలు. ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు, ఎక్కువ గడ్డలు కావు కూడా.

ఆపరేషన్ తర్వాత మెడ ఒక్కసారిగా వాచి ఊపిరి ఆడకపోతే క్షణం ఆగొద్దు, అది ఎమర్జెన్సీ. పెదాల చుట్టూ, వేళ్ళ చివర్లా తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉంటే కాల్షియం పడిపోతున్నట్టు, వెంటనే డాక్టర్‌కి చెప్పండి. మాత్ర పొద్దున్నే పరగడుపున నీళ్ళతో వేసుకోవాలి. కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాత. కాల్షియం, ఐరన్ మాత్రలకీ దీనికీ నాలుగు గంటల తేడా ఉండాలి. చాలామందికి ఆపరేషన్ తర్వాత రెండూ రాస్తారు, రెండూ కలిపి మింగేస్తారు. అలా చేస్తే ఇది ఒంటికి పట్టదు. డోసు మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ టెస్ట్. గర్భం వస్తే వెంటనే చెప్పాలి, డోసు పెంచాల్సి ఉంటుంది. ఎవరి డోసు వాళ్ళదే, పక్కింటావిడది మీకు పనికిరాదు. పక్కింటావిడ సలహా కూడా.

చివరిగా మనవాడి గురించి ఒక మాట. కోకర్ గాయిటర్లు తీశాడు. అసలు గాయిటరే రాకుండా ఆపలేమా అని పనిచేసినవాళ్ళలో ఒక తెలుగాయన ఉన్నారు. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివారు. 1956 నుంచి హిమాలయాల కింద కాంగ్రా లోయలో దాదాపు లక్ష మంది జనాభా మీద ఆయన బృందం ఒక ప్రయోగం చేసింది. లోయని మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చారు. అయిదారేళ్ళలో అయోడిన్ ఉప్పు తిన్నచోట గాయిటర్ సగానికి పైగా తగ్గింది, మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. 1962లో మన దేశంలో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. మీ వంటింట్లో ఉప్పు ప్యాకెట్ మీద ‘అయోడైజ్డ్’ అని ఉంటుంది చూడండి, అందులో శ్రీకాకుళం చెయ్యి కూడా ఉంది.

ఇప్పుడు మా కుటుంబం గ్రూపులో రోజూ పొద్దున ఆరున్నరకి ఎవరో ఒకరు ఒక మెసేజ్ పెడతాం. "పెద్దమ్మా, వేసుకున్నావా?" ఆవిడ బొటనవేలు గుర్తు పెడుతుంది. అది రాకపోతే ఫోన్ వెళ్తుంది.

మీ ఇంట్లో కూడా మెడ మీద సన్నటి గీత ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ ఎపిసోడ్ అయ్యాక ఒకసారి అడగండి, మాత్ర వేసుకుంటున్నారా అని. మీ అనుభవాలు కామెంట్స్‌లో రాయండి, అన్నీ చదువుతాను. వీడియో నచ్చితే అవసరమైనవాళ్ళకి పంపండి.